బాకీ పలక

జంగల్ ఖాతా లిలావుల
ఎవలూ పాట పాడని సామాను అది.
లాకూడ్ అని రాసిండు గుమస్తా వాసేకర్. కట్టెలు, అంతే.
పడవ అని రాస్తె లెక్క తప్పుతదట,
నీళ్ల మొకం చూడక ఇరవై ఏండ్లాయె.
తొమ్మిది వందలకు కట్టెలు కొన్న.
మోటారు కొసరిచ్చిండు.

పంపుసెట్లు బాగుజేసుకునే మనిషికి
పడవెందుకని సిరొంచ బజార్ల అందరడిగిన్రు.
నాకూ జవాబు దొరకలే.
బ్రిడ్జి అచ్చినంక ప్రాణహిత దాటుడంటె
బస్సు కిటికీల నుంచి ఒకసారి కిందికి చూసుడే గదా.

వడ్ల మొండయ్య ముందుగాల వాసన చూసిండు.
గోరుతోటి గీరి, పొట్టు నాలుక మీద పెట్టుకొని
ఆలపల్లి టేకు, అన్నడు,
నాకంటె పెద్దది, నీకంటె గట్టిది.

రంగు గీకుతుంటె సర్కార్లు రాలినయి:
పైన ఆకుపచ్చ, దాని కింద బూడిద,
దాని కింద ఎవలో మనసుపడి ఏసిన నీలం.
అడుగున కట్టె,
తడిబట్ట పెట్టంగనే నిన్న కోసినట్టు తేనె రంగు.
రాగి మొలలు పచ్చబడ్డయి గాని పట్టు ఇడువలే.
సందుల్ల కుళ్లిన జనుము ఊడదీసి
పత్తి పేలికలు పేని కూరి
గుగ్గిలం, పల్లినూనె కలిపి కాచి పోసినం.
మూడు రాత్రులు మా వాడకట్టంత
దేవునర్ర వాసన.

మోటారు సంగతి వేరే.
కార్బొరేటర్ల కందిరీగ ఇల్లు కట్టుకున్నది.
నీళ్లు గుంజే రబ్బరు రెక్క పెంకోలె ఎండింది.
నాగ్‌పూర్ల అడిగితె నవ్విన్రు.
గోదావరిఖని గని బెల్టు ముక్క తెప్పిచ్చి
బ్లేడుతోటి కోసిన.
నాలుగు పాడుజేసినంక ఐదోది కూసున్నది.

పంకా కాడ ఒక ఇత్తడి పుల్ల ఉంటది,
చిటికెన వేలంత గూడ ఉండది.
రాయి తగిలితె ముందు అదే ఇరుగుతది,
లోపలి పండ్లచక్రాలు బతుకుతయి.
నా కాడ పని నేర్చుకునే లచ్చుబాయి
దాన్ని వెలుతురుకు వట్టి
"ఇరుగుడే దీని పనా?" అన్నది.
అవునన్న. ఇంకేం చెప్పాల్నో తోచలే.
డజను పుల్లలు కోసి అగ్గిపెట్టెల ఏసుకున్నది.

ఎనుక కూసునే పలక కింద
రందా పెట్టబోయి మొండయ్య ఆగిండు.
పెన్సిలు రాతలు.
జంగల్ ఖాతా పడవల, సాహెబు లేనప్పుడు,
ఊరోళ్లను దాటిచ్చిన రాజలింగు లెక్క:

    ఎర్రయ్య, రెండు మ్యాకలు. రూపాయి.
    తునికాకు కట్టలు, పదకొండు. ఇచ్చిండు.
    మంత్రసాని, రాత్రి. వద్దు.
    దుర్గం పోశం, జ్వరం. ఎనిమిదణాలు, బాకీ.

నాకు యాదికి లేదు.
ఆ జ్వరం లేదు, దాటిన ఏరు లేదు.
ఎవలో కప్పిన గొంగడి దురద మాత్రం
చదవంగనే మెడ మీదికచ్చింది.
రాజలింగు పోయి పదేండ్లు.
అణాలు పోయి ఇంకా ఎక్కువ.
"చెక్కెయ్యాల్నా?" అన్నడు మొండయ్య, నా దిక్కు చూడకుంట.
రందా గుంజుకొని పక్కకు పెట్టిన.

కొత్తోళ్లకు నమ్మబుద్ధి కాదు,
బాగైన పడవను ముందుగాల ముంచాలె.
ఒడ్డు కాడ రాళ్లెత్తి మూడు దినాలు పండవెట్టినం.
ఎండి ముడుసుకున్న పలకలు నీళ్లు తాగి ఉబ్బి
ఒకదాన్నొకటి ఒత్తుకుంటయి.
ఏ మొలతోటీ కాని పని.
దారిన పోయేటోళ్లు ఆగి
పరామర్శ చేసి పోయిన్రు.

నాలుగో నాడు నీళ్లు తోడి,
పెట్రోల్ల నూనె కలిపి, తాడు సుట్టి గుంజిన.
పదిహేడుసార్లు దగ్గింది.
పద్దెనిమిదోసారి నీలిపొగ, నా నోట్లకెళ్లి ఒక బూతు,
ఆ ఎనుక మోత.
ఇసుక మీది కొంగలు లేచి
తెలంగాణ దిక్కు పోయినయి.

నడి ఏట్ల, సరిగ్గ బ్రిడ్జి నీడల,
టక్కుమన్నది.
పుల్ల.
మోటారు అరుస్తనే ఉన్నది, పడవ పోతలేదు.
లచ్చుబాయి అగ్గిపెట్టె తెరిచి
పుల్ల మార్చేదాక
నీళ్లు మమ్ముల నిమ్మళంగ తిప్పినయి.
పైన ఏదో లారీ పోయింది.

మొండయ్య చెవి మీది పెన్సిలు తీసి
పలక కిందికి వంగుడు కనవడ్డది.
ఒడ్డుకచ్చినంక చూసిన:

    దుర్గం పోశం, జ్వరం లేదు. బాకీ.