మూడు వేళ్ళ పట్టు

ఉదయగిరిలో ఐదింటి బస్సు.
ఆత్మకూరు దాకా కాలేషా నిద్ర నా తొడ మీదే.
వాడి మధ్యవేలి పక్కన
పెన్సిలు నొక్కి నొక్కి కాసిన కాయ.
ఎనిమిదేళ్ళకే, నా చేతికున్నట్టు.

నాకిది ఉలి ఇచ్చింది.
వాడికి 'అ' ఇచ్చింది.

పోగతోటలో మేడమెట్లెక్కితే
హేమవాణి మేడం నోటుబుక్కే అడగలేదు.
పిండిముద్ద ఇచ్చి పిసకమంది,
బట్టల క్లిప్పులు తీగకు పెట్టించింది,
గోడకు అరచేతులానించి తొయ్యమంది.
"రాత కోసం వచ్చాం మేడం" అన్నా.
"రాత భుజంలో మొదలవుతుందండీ" అంది.

నవ్వబోయి ఆగా.
నా మోచేతిని పక్కటెముకలకు నొక్కిపెట్టి
"ఇక్కణ్ణించి రావాల్రా కోత" అన్న మా నాయన
అప్పుడే ఎందుకు గుర్తొచ్చాడో.

వీడి పుస్తకంలో
తలకట్టు ఎగిరిపోయి పక్కక్షరం నెత్తిన వాల్తది.
ఒత్తులు గీత దాటి కింది వరసలో కాపురం పెడతాయి.
సొంత పేరు రాయబోయి
'ల' మీద ఏత్వం దగ్గర ఆగి,
చెరిపి, మళ్ళీ చెరిపి,
కాగితానికి చిల్లు.
ఆ చిల్లులోంచి అయ్యవారికి సోమరితనం కనపడింది.
నాకూ అదే కనపడింది.
బెత్తం లేదు మా ఇంట్లో. గరిట కాడ ఉంది.
నేను చెక్కిందే.

ఆ సంగతి మేడంకు చెప్పబళ్ళా.
పెన్సిలు మాత్రం అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నా.

బిక్కి చెక్కతో తొడుగు చేశా,
మూడు పలకలు, వేలికొకటి,
బొటనవేలి కింద కాస్త గుంట.
మొదటిది లావు. రెండోది జారింది.
మూడోది వాడే కొరికేశాడు.
నాలుగోదాన్ని మేడం తిప్పి తిప్పి చూసి
"ఇంకో ఆరు చేసిస్తారా, డబ్బులిస్తాను" అంది.
ఏమనాలో తెలీక
ఉప్పుకాగితం ఎన్నో నంబరు వాడానో చెప్పా.

ఇసక పళ్ళెంలో వేలితో రాస్తే వాడి 'క' నిలబడతది.
కాగితమ్మీదకొస్తే ఇంకా వణుకే.
ఆర్నెల్లు పడతదంట.
ఏడాదైనా పడతదంట.

నిన్న పొద్దుగూకినాక
చెక్కపొట్టులో కాళ్ళు దూర్చి కూర్చుని అడిగాడు:
"నాయనా, నీ మొదటి చెంచా ఎట్టుండె?"
వంకర, అన్నా. గుంట ఒక పక్కకే ఒరిగింది.
మజ్జిగ తీస్తే సగం కారిపొయ్యేది.
మా అమ్మ దాన్ని ఉప్పుజాడీలో వేసింది,
ఇప్పటికీ అందులోనే ఉంది.

లేచి లోపలికి పోయాడు.
చానాసేపటికి వచ్చి, మూతి తుడుచుకుంటా,
"ఉప్పగా ఉంది" అన్నాడు.