నాలుగు

చండూరు దాటినంక మొరం గుట్ట మీద
ఇనుప రేకుల ట్యాంకు.
ఈదయ్య పానా పట్టుకొని
కిందికెల్లి మీదికి కొట్టుకుంట పోతడు.
దబ్బుమన్నకాడ నీళ్లు,
ఠంగుమన్నకాడ గాలి,
రెంటి నడుమ సుద్దముక్కతోని గీత.
చిన్ననాటి బోరునీళ్లు బిగబట్టిన మెడ
పైకి లేవదు గనక
పై గీతలన్నీ అందాజుకే.

పోయిన ఎండకాలం నేను
బొటనవేలంత సెన్సర్ తెచ్చి
ట్యాంకు అడుగున బిగించిన.
"గింత దానికి గంత ఎత్తు ఎట్ల కనవడ్తది సారూ?"

కనవడది ఈదయ్యా.
దానికి కండ్లు లేవు.
ఉన్నదల్లా ఒక పల్చటి పొర,
మీద నిలబడ్డ నీళ్ల బరువుకు
వెంట్రుకవాసి వంగుతది.
ఎంత వంగితే అంత లోతు.

వంకరపోయిన తన మోకాళ్ల దిక్కు చూస్కొని
"గట్లనా" అన్నడు.

నిండితే ఇరవై పంపుతది,
ఖాళీ అయితే నాలుగు.
"ఖాళీకి సున్నా గదా?"
కాదు. సున్నా అంటే వైరు తెగినట్టు.
ఏం లేదని చెప్పనీకె గూడ
ఇంత కరెంటు కావాలె.

ఆ దినం సంది ఈదయ్యకు గుట్ట ఎక్కే పని తప్పింది.
పానా దూలానికి చెక్కిండట.

మొన్న పొద్దుగూకే యాళ్లకు
సెక్రటరీ ఫోన్ల సున్నా వడ్డది.
ట్యాంకు ఎండిందని మోటరు పెట్టి పండుకున్నడు.
తెల్లారేదాక నీళ్లు మూత దాటి, గుట్ట దిగి
బాలమణి వాకిట్ల ఆరబోసిన పత్తిని
బురదల కలిపినై.

పోయి చూస్తే, కోతులు పీకిన వైరు
రేకు మీద ఊగుతున్నది.
"నీ మిషిని అబద్ధం చెప్పింది" అన్నది బాలమణి,
తడిసిన పత్తి పిండుకుంట.
అబద్ధం చెప్పలేదమ్మా,
అసలేం చెప్పలేదు.
చెప్పకపోవుడుకు
మేమే ఒక అర్థం పెట్టుకున్నం.
ఆ మాట నోట్లెనే ఉండిపోయింది.
పత్తి పైసలు ఎవరిత్తరో
ఇంకా తేలలేదు.

కొత్త వైరుకు పైపు తొడిగి
నల్లగొండ చేరేసరికి రాత్రి పది.
ఫోను మోగింది.
అటు దిక్కు ఊపిరి,
దూరంగ కుక్క మొరుగుడు,
చానాసేపటికి ఈదయ్య గొంతు:

"ఏం లేదు సారూ...
ఊకెనే చేసిన."