హోరు కింద

టేపును ముందు పొయ్యిలో పెట్టాలి.
నవ్వకండి, నిజమే.
యాభై ఏళ్లు నేలమాళిగలో చెమ్మ తాగిన టేపు
జిగురు కక్కుతుంది, తిప్పితే పెచ్చులూడుతుంది.
ఫారన్‌హీట్‌లో నూట ముప్పై, ఎనిమిది గంటలు,
రొట్టె కన్నా నెమ్మదిగా.
చల్లారాక కాసేపు ఒప్పుకుంటుంది పాడడానికి.
ఆ కాసేపటికే నేను కాచుక్కూచుంటాను.

డబ్బా మీద పెన్సిల్ రాత:
ఐరన్ హెరన్. డులూత్. నవంబరు డెబ్భై నాలుగు.
ప్రత్యక్ష ప్రసారం. చెరపవద్దు.
ఎవరో చెరపబోయారు కూడా.
చివరి రెండు నిమిషాలూ పంది మాంసం ధరలు.

ఆ రాత్రి రేవు పక్క హాల్లోంచి
టెలిఫోన్ తీగ పట్టుకుని స్టేషన్‌కి పోయింది పాట.
అక్కణ్ణుంచి సరస్సు మీదుగా
ఇనుప ఖనిజం మోసే ఓడల వంటగదుల్లోకి,
మంచు తోసే లారీల్లోకి,
దుప్పటి కింద ట్రాన్సిస్టర్ దాచుకున్న పిల్లల చెవుల్లోకి.
ఆ పిల్లల్లో నేనూ ఉన్నానంటే బాగుండేది.
నాకప్పటికి పళ్లే రాలేదు.

నా పని చిన్నది.
బియ్యంలో రాళ్లేరినట్టు చిటపటలు ఏరతాను.
గిటార్లను గిటార్ల పక్కకి జరుపుతాను,
తాళాలు మరీ గీరుకుంటే కాస్త నూనె రాస్తాను.

నాలుగో పాటలో వాయిద్యాలన్నీ ఆగి
డేల్ ప్రూడమ్ గొంతొక్కటే మిగిలిన చోట
బయట రేవులో ఓడ కూసింది,
శ్రుతికి అర మెట్టు కింద,
పిలవని పేరంటానికొచ్చి పీట వేసుక్కూచున్నట్టు.
డేల్ ఒక్క క్షణం తడబడ్డాడు.
ఆ తర్వాత తనే ఓ మెట్టు దిగి
దాని పక్కన నిలబడ్డాడు.
హాలు హాలంతా అరిచింది.
ఆ కూత తీసెయ్యమంది కంపెనీ.
ఫోన్ పెట్టేశాను.

ఆఖరి పాటకి ముందు పదకొండు సెకన్లు.
దొంగ కాపీలన్నిటిలోనూ అక్కడ ఉత్త హోరు,
బాణలిలో ఏదో వేగుతున్నట్టు.
ఆ హోరును పొరలు పొరలుగా ఎత్తాను.
అడుగున మనిషి.
మైకుకి దూరంగా, డ్రమ్ముల దగ్గర వంగి, డేల్:
"ఇది అయ్యాక నేనుండను లైల్. ఆర్వోకి చెప్పకు."
లైల్ ఏమీ అనలేదు.
పుల్ల మీద పుల్ల, నాలుగు దెబ్బలు.
పాట.

ఆర్వో కెట్టునెన్, బేస్ గిటారు.
మిగిలింది అతనొక్కడే.
డెబ్భై ఆరేళ్లు, పడవ మోటార్లు బాగుచేస్తాడు.
బ్యాండు విడిపోయింది ఆ మరుసటి వసంతంలోనని,
డబ్బు లెక్కల దగ్గర తను నోరు జారడం వల్లేనని
లోకమూ అంది, అతనూ అన్నాడు.

మూడు రోజులు ఆ ఫైలుకి పేరు పెట్టలేకపోయాను.
నాలుగో రోజు పిలిచాను.

మసి వదలని అరచేతులు మోకాళ్ల మీద పెట్టి విన్నాడు.
మళ్లీ పెట్టమన్నాడు.
"చెప్పకు అన్నాడా? చెప్పు అన్నాడా?"
మళ్లీ పెట్టాను.
తర్వాత పాటంతా పెట్టమన్నాడు,
కళ్లు మూసుకుని, వేళ్లతో తొడ మీద గాలి తీగలు మీటుతూ.

"ఇది ఆ రాత్రి పరిగెత్తింది.
నేనే తోసేస్తున్నాననుకుని
మొదటి నుంచీ కళ్లెం పట్టి వాయించాను.
పరుగు లైల్‌ది."
కాస్త ఆగి,
"వాడి కడుపులో మాట దాగదు, పాపం."

హోరు మళ్లీ పోసెయ్యమన్నాడు.
దాచడానికా అని అడిగాను.
"ఆ రాత్రి నాకు వినబడిందదే కదా."

పోశాను.
వచ్చే నెల మీ చేతికొచ్చే డిస్కులో
పదకొండు సెకన్లు బాణలి వేగుతుంది.
వాల్యూము పెంచుకోండి, మీ ఇష్టం.

వెళ్తూ ఆర్వో తలుపు దగ్గర ఆగాడు.
కోటు గుండీలు పెట్టుకుంటూ, నావైపు చూడకుండా,
పొయ్యి ఎంత వేడి ఉండాలని అడిగాడు.
ఇంట్లో ఇంకో టేపు ఉందట.