మూడో ప్రశ్నకు అర మార్కు

గ్రిమ్స్‌బీ రేవు. మంగళవారం, రాత్రి ఏడు.
చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి
లైబ్రరీ మేడమీది గదికి తొమ్మిదిమంది వచ్చారు.
ఎంత సబ్బు రుద్దినా వదలని కాడ్ చేప వాసన
వాళ్లకంటే ముందే వచ్చి బెంచీల మీద కూర్చుంది.

హిలరీ టీచరు బోర్డు మీద పెద్ద పెట్టె గీసింది,
లోపల ఇంకో చిన్న పెట్టె.
"ఇది నౌన్ క్లాజ్.
దీనికీ కర్త ఉంది, క్రియ ఉంది, సంసారమంతా ఉంది.
అయినా ఇంకొకరి వాక్యంలో
ఒక్క పేరుకు పట్టే చోటులో సర్దుకుంటుంది."
విద్మంతాస్ నవ్వాడు:
"మా అద్దె గదిలో మేం నలుగురం ఉన్నట్టు."

మన తెలుగులో అయితే ఒక్క ఓకారం చాలు.
ఎక్కడున్నాడు అన్నది
ఎక్కడున్నాడో అవుతుంది,
తోక కాస్త సాగుతుంది, అంతే.
ఇంగ్లీషులో క్రియ తన ముందు చోటు వదులుకుని
కర్త వెనక్కి వెళ్లి నిలబడాలి.
ప్రశ్న గుర్తును
చెప్పుల్లా గుమ్మం బయటే విడవాలి.

లెతెబ్రహాన్ మూడో వారం కూడా అదే రాసింది:
ఐ డోంట్ నో వేర్ ఈజ్ మై బ్రదర్.
ఈజ్ కింద ఎర్ర గీత, అక్కణ్ణుంచి చివరికి ఒక బాణం.
ఆమె ఆ బాణాన్ని చాలాసేపు చూసింది.
"అలా మారిస్తే
అడగడం మానేసినట్టుంటుంది, టీచర్.
తెస్ఫాలెం ట్రిపోలీ నుంచి ఫోన్ చేసి పద్నాలుగు నెలలు.
నేనింకా అడుగుతూనే ఉన్నాను."

హిలరీ పెన్నుకు మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.
వాళ్ల నాన్న ఎక్కిన ట్రాలర్
ఐస్‌లాండ్ దిక్కుగా వెళ్లింది, తనకప్పుడు ఆరేళ్లు.
అది ఎక్కడ మునిగిందో తెలియదని
కంపెనీ వాళ్లు ఉత్తరం రాశారు,
టైపులో, ఒక్క తప్పు లేకుండా.
అమ్మ మాత్రం ముప్పై ఏళ్లు
టీ నీళ్లు కాగేలోపు కిటికీ దగ్గర నిలబడి
వేర్ ఈజ్ హీ, అనే అనేది,
పక్క గదిలోకి వెళ్లిన మనిషి గురించి అడిగినట్టు.
ఆ వాక్యాన్ని ఎవరూ దిద్దలేదు.

"జూన్‌లో పరీక్ష," అంది చివరికి.
"అక్కడ ఇలా రాస్తే అర మార్కు పోతుంది."
"పోనీండి," అంది లెతెబ్రహాన్, నోట్‌బుక్ మూసి
సంచిలో ఉల్లిపాయల పక్కన పెట్టుకుంటూ.

మెట్లు దిగుతూ విద్మంతాస్ అడిగాడు,
పదో నంబరు బస్సు వెళ్లిపోయిందో లేదో
ఎవరికైనా తెలుసా అని.
వాక్యం పూర్తిగా సరిగ్గా ఉంది.
వాన పడుతోంది. ఎవరూ గమనించలేదు.