ఎగువదా, దిగువదా

ఫ్లెక్సీ వేసినవాడు ఒక సున్న ఎక్కువ పెట్టాడు.
'అంట్లాంటిక్ ప్రపంచం: యువ చరిత్రకారుల అంతర్జాతీయ సదస్సు.'
తెల్లారి ఆరింటికి నిచ్చెనెక్కి
ఆ సున్న మీద తెల్లకాగితం అంటించాను.
కింద కుళాయి దగ్గర గ్లాసులు తోముతూ దొరసానమ్మ
"అంట్లయితే నాకు తెలుసు గానీ
ఆ సముద్రం యాడుంది పాపా?" అంది.
నేనూ చూళ్ళేదు. పరిశోధన మొదలెట్టి నాలుగేళ్ళు.
నేనెరిగిన సముద్రమల్లా తూపిలిపాళెంలో ఒక్క పూట.

పదకొండు దేశాలు, మనిషికి ఇరవై నిమిషాలు.
చక్కెర. పొగాకు. ఓడ అడుగున
ఒక్కొక్కరు పడుకునే జాగాను అంగుళాల్లో చెప్పి
ఒక కుర్రాడు గటగటా మంచినీళ్ళు తాగాడు.
కిటికీలో కొండ.
తిరుపతి ఎండలో గంధం ఆరని గుండ్లతో ఒక కుటుంబం
మా ప్రహరీ నీడ పట్టుకొని నడుస్తోంది.

భోజనాలయ్యాక సోలాంజ్, గ్వాడెలూప్ నుంచి.
ఇంటిపేరు చెంగమా.
పుదుచ్చేరి రేవులో ఓడెక్కినవాళ్ళ పట్టీ తెర మీద వేసింది.
ఆరో వరస: చెంగమా, ఆడ, ఇరవై ఏళ్ళు,
ఎడమ మోచేతి మీద తేలు పచ్చబొట్టు.
ఆ పేరు దగ్గర ఆమె ఆగలేదు.
ఊరి దగ్గర ఆగింది.
గుమాస్తా చెవికి ఎంత వినబడితే అంత:
నిమాల్ కూంట్.
"చిత్తూరు తాలూకా కావచ్చు. ఏ పటంలోనూ దొరకలేదు."

తలుపు దగ్గర టీ ట్రేతో నిలబడ్డ దొరసానమ్మ
"నెమళ్ళగుంటా?" అంది.
అధ్యక్షుడు గంట మీద చెయ్యి పెట్టాడు గానీ కొట్టలేదు.
"మా మేనత్తోళ్ళ ఊరే. రెండుండాయి గదా.
ఎగువదా, దిగువదా?"

ఇంగ్లీషులో చెప్పే పని నాది.
ఎగువంటే పైది అన్నాను. కాదు, కొండవైపుది,
చెరువు నీళ్ళు ముందు తాకేది.
దిగువంటే, మిగిలితే తాకేది.
అంతలో నా ఇంగ్లీషు అయిపోయింది.
సోలాంజ్ తెర వంక చూస్తూ ఉండిపోయింది.
ఆ గడిలో ఇంకో మాట పట్టదు.
గుమాస్తా అడగలేదు.
అడిగుంటే ఆమె చెప్పేది.

సాయంత్రం గాలికి కాగితం ఊడి
సున్న మళ్ళీ బయటపడింది.
నేను నిచ్చెన తేలేదు.
కుళాయి దగ్గర ఇద్దరూ గొంతుక్కూచున్నారు.
సోలాంజ్‌కి 'ళ్ళ' పలకడం లేదు.
చేతినిండా సబ్బు నురగతో దొరసానమ్మ
నోరు పెద్దగా తెరిచి
నాలుక ఎట్లా మడవాలో చూపిస్తోంది.