తువ్వాలు కింద బేరం

ఆడికృత్తిక లోపల అంగడి ఖాళీ చేయాలని
హైరోడ్డు కలందర్ బాయి
సీడీలన్నీ అట్టపెట్టెల్లో పోసి
కిలోల లెక్కన అమ్ముతా ఉన్నాడు.
పాత హీరోలు ఒకరి మీద ఒకరు
మాగేసిన కాయల మాదిరి పడున్నారు.

నేను పోయింది ఫోన్ రీచార్జికి.
చేతిలో లోహిత చెయ్యి లేదే అని చూస్తే
అద్దాల బీరువాకు ముక్కు ఆనించి నిలబడుంది.

లోపల ఒకటే పెట్టె.
నీలం అట్ట, ఇటుకంత బరువు.
జపాను బొమ్మల సినిమాలంట, పన్నెండు డిస్కులు.
అట్ట మీద
వాన ధారలు పట్టుకుని పైకి ఈదే చేపలు,
రైలు టికెట్లు చించే నక్క,
మబ్బుకు మాటేసే ముసలామె, పండ్ల మధ్య సూది.
"ఎవురో కాలేజీ అబ్బోడు తెప్పించమని
మళ్ళీ రాలేదన్నా,
తొమ్మిదేండ్లాయె, సీలు గూడా తీయలేదు."

రేటు నోటితో అడగలేదు నేను.
భుజం మీది తువ్వాలు లాగి
ఇద్దరి చేతుల మీదా కప్పినాను.
మామిడి మండీలో ఇరవై ఏండ్లుగా నాకు తెలిసింది అదొకటే.
గుడ్డ కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి,
గుడ్డ పైన మొగాలు
వాన పడతాదా పడదా అనుకుంటాయి.
బాయి నా వేళ్ళు ఐదూ పట్టినాడు.
రెండు విదిలించుకున్నాను.
మూడు దగ్గర తెగింది.
మాకు వేలు అంటే వేలే,
చేతిదైనా, నోటుదైనా.
ఓ పాత ప్లేయరు కొసరు.

ఆ ఏడు తోతాపురి కిలో నాలుగు రూపాయలు.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్లు
మూడు దినాలు నిలబడి, కాయ కారిపోయి,
రోడ్డంతా ఈగలు.
నా కమీషను ఎంతుంటాదో మీరే లెక్కేసుకోండి.
దేవయాని లెక్కేసింది.
"ఈ దుడ్డుకు రెండు మూటల బియ్యం వస్తుండె గదా"
అని, చాట పక్కన పెట్టి,
మళ్ళీ ఏమీ అనలేదు.

రాత్రి ప్లేయరు రెండుసార్లు దగ్గి పాడింది.
తెర మీద అంతా జపాను మాటే.
అడుగున ఇంగ్లీషు అక్షరాలు చీమల బారు,
చదివే లోపల పుట్టలోకి పోతాయి.
ముసలామె మబ్బును ఒళ్ళో వేసుకుని
ఏందో చెప్పి ఏడ్చింది.
దేవయాని నన్ను చూసింది, నేను దేవయానిని.
"ఏమంటా ఉంది ఆమె?"
నాకేం తెలుసు.

లోహితకు పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు.
ఏ సినిమాకు పోయినా
మా మోచేతులు లాగి లాగి అడిగేది,
ఏమన్నాడు, ఎందుకు నవ్వినారు, ఏమన్నాడు.
తర్వాత చెప్తా అనేవాళ్ళం.
పదేండ్ల తర్వాతలు.
ఏ చిట్టాలోనూ ఎక్కని బాకీ.

ఇప్పుడు వాళ్ళమ్మ
బిడ్డ మోచెయ్యి పట్టి లాగింది.
లోహిత తెర మీద నుంచి కండ్లు తీయకుండా
చేతులు ఆడించింది.
మబ్బు చిరిగింది ఆమె వల్ల కాదు.
చిన్నప్పుడు ఎవరో దాన్ని పిలిచి
లోపలికి రానీలేదు.
అది నిజంగా అందులో ఉన్న మాటో
దీని సొంతమో,
మేము అడగలేదు.
పక్కింటి మొగిలయ్య పిల్లోడు వచ్చి
వాల్యూం ఎందుకు తగ్గించినారన్నాడు.
తగ్గించింది ఎవరో మాకే గుర్తు లేదు.

పదకొండు దాటింది. కరెంటు పోయి వచ్చింది.
నక్క టికెట్టు చించతా చించతా అట్నే ఆగిపోయింది.
తెల్లారి నాలుక్కు మండీలో ఉండాల,
చాలు, పడుకో అన్నాను.

బిడ్డ లేచి
కొయ్యకున్న తువ్వాలు తెచ్చి
మా ఇద్దరి చేతుల మీదా కప్పింది.
మొగం మాత్రం కిటికీ వైపు, అచ్చం దళారి మాదిరి,
వాన పడతాదా పడదా అన్నట్టు.
గుడ్డ కింద, నా చేతిలో
ఒక వేలు పెట్టింది.

ఒకటా, పదా, నూరా,
మండీలో ఆ వేలుకు ఏదైనా అర్థమే.
నేను వదిలించుకోలేదు.