గాటు

కోటవీధి సెలూన్లో కొక్కేనికి
పదేళ్లుగా వేలాడిన తోలుపట్టీ.
ఓడ దిగిన సరంగుల గడ్డాలెన్నిటికి పదును పెట్టిందో,
ఉప్పుగాలికి బిర్రబిగుసుకుని
అంచుల్లో బూజు.

గోరువెచ్చని నీళ్లు, సబ్బు నురగ, పాత పంచె ముక్క.
నీడనే ఆరాలి, రెండ్రోజులు.
ఎండ చూపిస్తే పగులుతుంది.
తర్వాత అరచేత్తో ఆముదం,
తోలు తాగినంత.

నలుపంతా వదిలింది.
మధ్యలో గాటు వదల్లేదు.

పదకొండేళ్లప్పుడు నేను పెట్టింది.
"ఎన్ను మీద తిప్పాలొరే, వాదర మీద కాదు"
అన్నాడు గవరయ్య. అంతే.
ఆ రోజునుంచీ అక్కడికొచ్చేసరికి
కత్తిని వెంట్రుకవాసి ఎత్తేవాడు.

ఇప్పుడు బ్లేడు విరిచి గడ్డాలు గీసే రోజులు.
అయినా ఇవాళ కత్తి తీశాను.
సర్‌ర్, సర్‌ర్,
ఒక్కచోట చప్పుడు లేదు.

చెయ్యి దానంతటదే లేచింది.